బ్లీచ్, మరకలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు

గుంటూరులో బట్టలకు అంటే మరకలు ఎక్కువ రకాలేం కావు. పసుపు, కారం, ఊరగాయ నూనె, టీ, బోరు నీళ్ల తుప్పు. వాటి గురించి వచ్చే అనుమానాలూ ఏటా అవే. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరి చొక్కా పాడైనా ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. అందుకే ముఖ్యమైన జాగ్రత్తలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి, విసుక్కోకండి.

## సీసా కొనేటప్పుడు

బ్లీచ్ అంటే అసలేమిటి? లోపల ఉండేది క్లోరిన్ గ్యాసేనా?

గ్యాస్ కాదు. సోడియం హైపోక్లోరైట్ అనే లవణం కరిగిన నీళ్లు. ఉప్పు నీటిలోకి కరెంటు పంపితే ఒకవైపు క్లోరిన్, ఇంకోవైపు కాస్టిక్ సోడా తయారవుతాయి. ఆ రెంటినీ చల్లగా ఉంచి కలిపితే హైపోక్లోరైట్ వస్తుంది. ఇంటికి తెచ్చుకునే సీసాల్లో ఇది సాధారణంగా 3 నుంచి 6 శాతం ఉంటుంది. మిగతాదంతా నీళ్లు, కాస్త ఉప్పు, కొద్దిగా కాస్టిక్ సోడా. ఆ సోడాను కావాలనే ఉంచుతారు. ద్రవం బాగా క్షారంగా, అంటే పీహెచ్ 11 దాటి ఉంటేనే హైపోక్లోరైట్ విరిగిపోకుండా నిలబడుతుంది. బ్లీచ్ తగిలిన వేళ్లు జారుడుగా అనిపించడానికి కారణం కూడా ఆ సోడాయే. అది మన చర్మం మీది నూనెనే కొంచెం కొంచెం సబ్బుగా మార్చేస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకోమనేది అందుకే.

బ్లీచింగ్ పౌడర్ చవక కదా, బట్టలకు అదే వాడితే పోలా?

వాడొచ్చు కానీ నేనైతే వద్దంటాను. బ్లీచింగ్ పౌడర్ తడి సున్నం మీదికి క్లోరిన్ పంపి చేసేది. పని చేసే సరుకు అందులోనూ హైపోక్లోరైటే, కాకపోతే సోడియం బదులు కాల్షియం. మంచి పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ దాదాపు మూడో వంతు ఉంటుంది. అంటే సీసా బ్లీచ్ కంటే చాలా ఘాటు. చిక్కల్లా సున్నంతోనే. అది నీళ్లలో పూర్తిగా కరగదు. పలుకు ఏదైనా బట్ట మడతలో ఇరుక్కుంటే ఆ చోట చిల్లు పడుతుంది. తప్పదనుకుంటే నీళ్లలో కలిపి, అడుగున సున్నం దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే వంచుకోండి.

ముఖానికి వేసుకునే బ్లీచ్, ఇదీ ఒకటేనా?

కానే కాదు. పార్లర్‌లో వాడే క్రీములో హైడ్రోజన్ పెరాక్సైడ్, దానికి తోడు కొద్దిగా అమ్మోనియా లాంటి క్షారం ఉంటాయి. బట్టల బ్లీచ్ ముఖానికి తగిలితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పేరు చూసి మోసపోవద్దు.

'రంగు బట్టలకు కూడా' అని రాసి ఉన్న మరకల పౌడర్లు బ్లీచేనా?

అవును, వేరే జాతి బ్లీచ్. వాటిలో ఎక్కువగా ఉండేది సోడియం పర్‌కార్బొనేట్. నీళ్లలో పడగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. పెరాక్సైడ్ కూడా రంగుల్ని విరగ్గొడుతుంది కానీ హైపోక్లోరైట్ అంత దూకుడుగా కాదు. అందుకే అద్దకం రంగులు చాలావరకు తట్టుకుంటాయి. దీనికి గోరువెచ్చటి నీళ్లు, గంట రెండు గంటల ఓపిక కావాలి. చల్లటి నీళ్లలో వేసి పది నిమిషాల్లో తీసేసి 'ఇది పని చేయలేదండీ' అంటే ఆ పౌడర్ తప్పు కాదు. పట్టుకు, ఉన్నికి మాత్రం ఇదీ మంచిది కాదు.

పోయిన వేసవిలో కొన్న సీసా ఇప్పుడు పని చేయడం లేదు. నకిలీ సరుకా?

నకిలీ కానక్కర్లేదు, వయసైపోయి ఉంటుంది. హైపోక్లోరైట్ సీసాలో ఊరికే ఉన్నా మెల్లగా విరిగిపోతూనే ఉంటుంది. కొంత ఉప్పుగానూ క్లోరేట్‌గానూ మారుతుంది, కొంత ఆక్సిజన్ వదిలి ఉప్పుగా మిగులుతుంది. వేడి పెరిగే కొద్దీ ఈ వేగం రెట్లలో పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీలకు రెండు మూడు రెట్లు అనుకోండి. రోహిణి కార్తెలో బెజవాడ బాల్కనీలో ఎండ పడే చోట పెట్టిన సీసా ఎంతకాలం ఆగుతుందో మీరే లెక్కేసుకోండి. వెలుతురు కూడా దానికి శత్రువే, అందుకే అవతలి వైపు కనిపించని సీసాల్లో అమ్ముతారు. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, చిన్న సీసా కొనండి, వంటగదికి దూరంగా చల్లటి చీకటి అరలో పెట్టండి. మూత గట్టిగా బిగించిన వేరే సీసాలో పోయకండి. లోపల పుట్టే ఆక్సిజన్ బయటికి పోవాలి.

## బకెట్‌లో వేసే ముందు

ఎంత నీటికి ఎంత వేయాలి, ఎంతసేపు నానబెట్టాలి?

సీసా మీద 4 శాతం అని ఉంటే 10 లీటర్ల నీటికి 50 మి.లీ. చాలు. నానబెట్టడం 5 నుంచి 10 నిమిషాలు. సీసా మీద కొలత వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ముందు నీళ్లు, తర్వాత బ్లీచ్, కలిపాక బట్ట: ఈ వరస మార్చొద్దు. పొడి బట్ట మీద బ్లీచ్ పోసి తర్వాత నీళ్లు వదిలితే ముందు తగిలినచోట మచ్చ పడుతుంది. రాత్రి నానేసి పొద్దున్నే ఉతికే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. సబ్బుకైతే సరే గానీ బ్లీచ్‌కి అది పనికిరాదు. మొదటి పది నిమిషాల్లో మరక పోకపోతే మిగతా రాత్రంతా అది నమిలేది మీ బట్టనే.

నీళ్లు కలిపితే బలం తగ్గదా? నేరుగా మరక మీదే పోస్తే?

ఇక్కడో తమాషా ఉంది. బ్లీచ్‌లో పని చేసే అణువు రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరైట్ అయాన్, ఇంకొకటి హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది చురుకైనది, క్రిముల్ని చంపడంలో మొదటిదాని కంటే ఎన్నో రెట్లు మెరుగు. సీసాలో ద్రవం బాగా క్షారంగా ఉంటుంది కాబట్టి అక్కడ దాదాపు అంతా మొదటి రూపమే. కుళాయి నీళ్లలో కలపగానే క్షారం పలచబడి, పీహెచ్ దిగి, కొంత భాగం చురుకైన రూపంలోకి మారుతుంది. అంటే మీరు అనుకున్నంతగా బలం తగ్గదు. సీసాలోంచి నేరుగా పోస్తే అదనంగా వచ్చేది కాస్టిక్ సోడా దెబ్బ. నూలు దారం బలహీనపడి, నాలుగు ఉతుకుల తర్వాత సరిగ్గా ఆ చోటే చిరుగుతుంది.

ఏ బట్టలకు అసలు వాడకూడదు?

పట్టు, ఉన్ని: ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అవి రెండూ ప్రొటీన్లు. హైపోక్లోరైట్ ప్రొటీన్ గొలుసుల్ని తెంపేస్తుంది. ఉన్ని పోగును ఘాటు బ్లీచ్‌లో వేసి ఉంచితే పసుపెక్కి, మెత్తబడి, చివరికి కరిగిపోతుంది. ల్యాబ్‌లో పిల్లలకు ఇది చూపిస్తే ఆ తర్వాత ఎవరూ అమ్మ పట్టుచీర జోలికి వెళ్లరు. సాగే లెగ్గింగ్స్‌లో ఉండే లైక్రా పసుపెక్కి సాగు పోతుంది. నైలాన్ కూడా పాడవుతుంది. తెల్ల నూలు, తెల్ల పాలిస్టర్-కాటన్ చొక్కాలు తట్టుకుంటాయి.

మంగళగిరి చీర సంగతి చాలామంది అడుగుతారు. 'నూలే కదండీ' అంటారు. నూలే, కానీ దాని అందమంతా అద్దకం రంగులో, జరీ అంచులో ఉంది. బ్లీచ్ రంగును తినేస్తుంది, జరీలోని లోహాన్ని నల్లబరుస్తుంది. తెల్లచీర అయినా అంచు తడవకుండా బకెట్‌లో ముంచడం సాధ్యం కాదు. కాబట్టి వద్దు.

మిగతా వాటికి అనుమానం ఉంటే లోపలి కుట్టు దగ్గర చూడండి. చెంచా నీళ్లలో రెండు చుక్కల బ్లీచ్ కలిపి, దూదితో కుట్టు మడత లోపల అద్ది, ఓ నిమిషం ఆగి తెల్ల గుడ్డతో ఒత్తండి. గుడ్డకు రంగు అంటినా, తడిచిన చోట ఛాయ మారినా ఆ బట్టకు బ్లీచ్ పడదు.

వేడి నీళ్లలో వేస్తే త్వరగా పోతుందా?

మరక త్వరగా పోతుంది, బట్ట కూడా. వేడికి హైపోక్లోరైట్ మరకతో పని లేకుండానే విరిగిపోవడం మొదలవుతుంది, ఘాటూ ఎక్కువగా లేస్తుంది. మన కుళాయి నీళ్లు మే నెలలో ఎలాగూ కాగే ఉంటాయి. మామూలు నీళ్లు చాలు.

సర్ఫు, బ్లీచ్ ఒకేసారి వేయొచ్చా?

ప్రమాదం లేదు కానీ దండగ. మంచి డిటర్జెంట్లలో ఎంజైములు ఉంటాయి. అవి అన్నం మెతుకు, నెత్తురు, పాల మరకల్ని కొరికి తీసేవి. ఎంజైములూ ప్రొటీన్లే కాబట్టి బ్లీచ్ వాటిని పని మొదలుపెట్టకముందే చంపేస్తుంది. పైగా బట్ట మీది మట్టి, చెమట, జిడ్డు అన్నీ బ్లీచ్‌ను తలా కొంచెం తినేస్తాయి, మరక దాకా వెళ్లేది తక్కువ. ముందు సబ్బుతో ఉతికి, జాడించి, తర్వాత బ్లీచ్ పెట్టండి. వాషింగ్ మెషీన్‌లో అయితే ఉతుకు ఆఖరి ఐదు నిమిషాల్లో, ప్రత్యేకంగా అర ఉంటే అందులోనే.

## లోపల జరిగేది

బ్లీచ్ మరకను తీసేస్తుందా, కనపడకుండా చేస్తుందా?

ముందు కనపడకుండా చేస్తుంది. తీసేసేది తర్వాత మీరు జాడించే నీళ్లు.

మరకకు రంగు ఎందుకు ఉంటుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రంగున్న అణువుల్లో చాలావాటిలో కార్బన్ పరమాణువులు ఒంటి బంధం, ద్విబంధం, మళ్లీ ఒంటి బంధం, మళ్లీ ద్విబంధం ఇలా వరసగా ఉంటాయి. ఆ వరస పొడవునా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ తిరగగలవు. వరస తగినంత పొడవుంటే ఆ ఎలక్ట్రాన్లు మన కంటికి కనిపించే వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తాయి. నీలం భాగాన్ని మింగితే మిగిలింది మనకు పసుపుగా, నారింజగా కనిపిస్తుంది. పసుపు కొమ్ములోని కర్క్యుమిన్, మిరపకాయలోని క్యాప్సాంథిన్, రెంటి కథా ఇదే.

హైపోక్లోరైట్ ఆ ద్విబంధాల మీద పడి, ఎలక్ట్రాన్లు లాక్కుని వాటిని తెంపుతుంది. దీన్నే ఆక్సీకరణం అంటాం. అన్నింటినీ తెంపనక్కర్లేదు. పూలదండలో దారం మధ్యలో ఒకటి రెండు చోట్ల తెగితే దండ పోయినట్టే, వరస చిన్న చిన్న ముక్కలైతే రంగు పోతుంది. ఆ ముక్కలు మింగేది అతినీలలోహిత కాంతిని, మనకు కనిపించే వెలుతురును కాదు. కాబట్టి బట్ట తెల్లగా కనిపిస్తుంది. అణువు ముక్కలు అక్కడే ఉన్నా రంగు లేదు. విరిగిన ముక్కలకు ఆక్సిజన్ తగులుకుని ఉంటుంది కాబట్టి చాలావరకు నీళ్లలో బాగా కరుగుతాయి, జాడింపులో పోతాయి.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఇలాంటి బంధాల వరస వల్ల రంగు వచ్చిన మరకలకే బ్లీచ్ పనికొస్తుంది. బురద, తుప్పు వీటి రంగు వేరే కారణంగా వచ్చింది, కాటుకలోని మసిని బ్లీచ్ విరగ్గొట్టలేదు. అక్కడ బ్లీచ్ ఎంత పోసినా దండగే. సీసా మూత తీసే ముందు 'ఈ మరక దేనిది' అని అడగమని నేను పోరేది ఇందుకే.

నీలం పెట్టినా తెల్లగానే వస్తాయి కదా, మరి బ్లీచ్ ఎందుకు?

నీలం పసుపును తీసెయ్యదు, కప్పుతుంది. పాతబడిన తెల్లబట్ట పసుపు ఛాయకు తిరుగుతుంది. దాని మీద చిటికెడు నీలమో, ఊదా రంగు ద్రవమో పడితే రెండూ కలిసి మన కంటికి తెలుపులా తోస్తాయి. ఉజాలా లాంటివి చేసేది ఇదే. సర్ఫుల్లో ఉండే మెరుపు పదార్థాలది మూడో దారి. అవి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి నీలి వెలుతురుగా వదులుతాయి. పంచె తెల్లగా మెరవాలంటే నీలం, గంజి చాలు. టీ మరక పోవాలంటే బ్లీచ్ కావాలి. రెండూ ఒకే బకెట్‌లో వేస్తే మాత్రం బ్లీచ్ నీలాన్నే తినేయొచ్చు.

ఎండ కూడా బ్లీచే అంటారు మా అమ్మమ్మ. నిజమేనా?

నూటికి నూరుపాళ్లు నిజం. ఎండలోని అతినీలలోహిత కాంతి, గాలిలోని ఆక్సిజన్, బట్టలోని తడి కలిసి అదే పని నెమ్మదిగా చేస్తాయి. రజకులు చౌడుమట్టిలో నానేసి, బానలో ఉడకబెట్టి, ఎండలో పరిచింది ఊరికే కాదు. యూరప్‌లోనూ నారబట్టను నెలల తరబడి పచ్చిక మీద పరిచి ఉంచేవారు. 1774లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త క్లోరిన్ వాయువును తయారుచేశాడు. 1785లో బెర్తొలే అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త దాంతో బట్టను తెల్లబరచవచ్చని చూపాడు. 1799లో చార్లెస్ టెన్నాంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నెలల పని గంటల్లోకి వచ్చింది. మనకు ఎండకు కొదవ లేదు కాబట్టి పసుపు మరక లాంటివాటికి నా మొదటి సలహా ఇప్పటికీ డాబా మీది తాడే.

## మరక మరకకీ

పసుపు మరకకి సబ్బు రుద్దితే ఎర్రగా అయిపోయింది! బట్ట పోయినట్టేనా?

కంగారు పడకండి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఇంట్లో పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు చూసే ఉంటారు. సబ్బు జాడించేస్తే మళ్లీ పసుపులోకి వస్తుంది. మరక మీద పలుచటి బ్లీచ్ వేసినప్పుడు దగ్గరగా గమనించండి: ముందు అంచుల దగ్గర ఎర్రటి గీత లేస్తుంది, అది బ్లీచ్‌లోని క్షారం పని. తర్వాత ఆ ఎరుపు మధ్యలోంచి మాయమవుతూ వస్తుంది, అది ఆక్సీకరణం. తెల్ల నూలుకైతే ఇలా చేయొచ్చు. రంగు బట్టకు బ్లీచ్ వద్దు. సబ్బుతో ఉతికి, తడిగా ఉండగానే మరక ఎండకు తగిలేలా ఆరేయండి. కర్క్యుమిన్ ఎండకు నిలవదు. ఒక పూటకు వెలవకపోతే మళ్లీ తడిపి ఇంకో పూట.

ఆవకాయ నూనె పడ్డ తెల్లచొక్కా బ్లీచ్‌లో వేశాను, మరక కదలలేదు.

అది రెండు మరకలు: నూనె ఒకటి, అందులో కరిగి ఉన్న మిరపకాయ ఎరుపు ఒకటి. ఆ ఎరుపు నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కాదు. బ్లీచ్ నీళ్లలో ఉంది, రంగు నూనె లోపల దాక్కుంది, రెండూ కలవలేదు. ముందు నూనె తీయాలి. మరక మీద పొడిగా ఉండగానే గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, వేళ్లతో మెత్తగా రుద్ది, పావుగంట ఆగి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. జిడ్డు ఉంటే మళ్లీ. వెలుతురుకు పట్టి చూస్తే నూనె ఉన్నచోట బట్ట అద్దంలా మెరుస్తుంది, ఆ మెరుపు పోయేదాకా బ్లీచ్ జోలికి వెళ్లొద్దు. మిగిలిన నారింజ ఛాయకు అప్పుడు ఎండ గానీ, తెల్ల నూలైతే పలుచటి బ్లీచ్ గానీ పని చేస్తాయి. మిర్చి యార్డులో పని చేసేవాళ్ల బట్టలకూ ఇదే వరస, కాకపోతే ముందు కారం పొడిని పొడిగా దులపాలి. తడిపితే ఇంకా లోపలికి పోతుంది.

భవానీ దీక్ష ఎర్రబట్టలతో కలిపి ఉతికితే తెల్లపంచె గులాబీ రంగైంది.

దసరా తర్వాత, మళ్లీ దీక్ష విరమణల రోజుల్లో ఈ ప్రశ్న తప్పదు. ఆ ఎరుపు చాలాసార్లు చవక అద్దకం, మొదటి ఉతుకుల్లో బాగా దిగుతుంది. పంచెను ఆరనివ్వకండి, ఆరితే రంగు గట్టిపడుతుంది. వెంటనే విడిగా సబ్బు నీళ్లలో మళ్లీ ఉతికితే సగం పోతుంది. మిగిలిన దానికి, పంచె పూర్తి నూలు అయితే, పలుచటి బ్లీచ్‌లో ఐదు నిమిషాలు. జరీ అంచు ఉంటే బ్లీచ్ వద్దు, ఆక్సిజన్ పౌడర్‌ను (పైన చెప్పిన 'రంగు బట్టలకు కూడా' అని రాసి ఉండే మరకల పౌడర్) మూలన పరీక్షించి వాడండి.

టీ, కాఫీ, నేరేడు పండు?

బ్లీచ్‌కి ఇష్టమైన మరకలు ఇవే. తెల్ల నూలు మీద నిమిషాల్లో పోతాయి. పాలు కలిపిన టీ అయితే ముందు చల్లటి నీళ్లతో పాలు వదిలించండి.

బోరు నీళ్లలో ఉతికి బ్లీచ్ పెడితే బట్టలు ఇంకా పచ్చబడ్డాయి. ఎందుకు?

మీ నీళ్లలో ఇనుము ఉంది. బోరులోంచి వచ్చినప్పుడు అది కరిగి ఉంటుంది, నీళ్లు తేటగానే కనిపిస్తాయి. బ్లీచ్ దాన్ని ఆక్సీకరించి తుప్పుగా మార్చి బట్ట పోగుల మీద పేరుస్తుంది. మీరు మరక తీయలేదు, కొత్త మరక అద్దారు. నీళ్లు బకెట్‌లో పట్టి ఓ రోజు వదిలేయండి. అడుగున ఎర్రటి మడ్డి కనిపిస్తే ఇదే సంగతి. అలాంటి ఇళ్లలో బ్లీచ్ పనికి కార్పొరేషన్ నీళ్లు వాడండి.

తుప్పు మరకకు మందు ఆమ్లం. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి. అయితే బట్టలో బ్లీచ్ మిగిలి ఉండగా నిమ్మరసం పిండితే విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా జాడించి, ఆరేసి, మర్నాడు నిమ్మకాయ తీయండి.

చంకల దగ్గర పసుపు మరకలు బ్లీచ్‌తో ముదురుతున్నాయి.

ముదురుతాయి. అక్కడ ఉన్నది చెమటలోని ప్రొటీన్, డియోడరెంట్‌లోని అల్యూమినియం. హైపోక్లోరైట్ ప్రొటీన్‌తో కలిసి పసుపు రంగు పదార్థాలు పుట్టిస్తుంది. ఆక్సిజన్ పౌడర్ ('రంగు బట్టలకు కూడా' అని రాసి ఉండేది) గోరువెచ్చటి నీళ్లలో కలిపి గంటసేపు నానేయండి. నెత్తురు మరకకూ ఇదే మాట. ముందు చల్లటి నీళ్లు, తర్వాత ఎంజైమ్ డిటర్జెంట్ లేదా పెరాక్సైడ్.

బురద?

బ్లీచ్‌తో పోదు. ఆరనిచ్చి దులిపి, సబ్బుతో ఉతకండి.

## తేడా వచ్చాక

నల్ల ప్యాంటు మీద చుక్క పడి నారింజ రంగు మచ్చ వచ్చింది. పోగొట్టొచ్చా?

పోగొట్టడానికి అక్కడ మరక లేదు, రంగే లేదు. నలుపు అనేక అద్దకాల కలయిక. కొన్ని ముందు విరిగిపోతాయి, మొండివి మిగిలి నారింజగా కనిపిస్తాయి. వెంటనే నీళ్లతో కడిగితే మచ్చ పెరగకుండా ఆగుతుంది, అంతే. తర్వాత ప్యాంటు మొత్తానికి మళ్లీ నల్ల అద్దకం వేయించడమే. స్కెచ్ పెన్నుతో పూసే చిట్కా రెండు ఉతుకులు ఆగుతుంది.

ఎంత జాడించినా బ్లీచ్ వాసన పోవడం లేదు.

అది మిగిలిన బ్లీచ్ వాసన కొంత, బ్లీచ్ బట్టలోని చెమటతో కలిసి పుట్టిన క్లోరమైన్ల వాసన కొంత. ఇంకో రెండు నీళ్లలో జాడించి గాలికి ఆరేయండి. అప్పటికీ పోకపోతే ఫోటో ల్యాబుల్లో హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ పావు చెంచా బకెట్ నీళ్లలో కలిపి ముంచండి. మిగిలిన క్లోరిన్‌ను అది హరిస్తుంది. వెనిగర్ వేయమని వీడియోల్లో చెబుతుంటారు. బ్లీచ్ ఉన్న బట్ట మీద వెనిగర్ వేస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. వద్దు.

తెల్ల దుప్పటి నెలకోసారి బ్లీచ్ పెడుతున్నాను. పట్టుకుంటే చిరిగిపోతోంది.

నూలు అంటే సెల్యులోజ్ గొలుసులు. ప్రతిసారీ బ్లీచ్ మరకతో పాటు వాటినీ కొన్ని చోట్ల తెంపుతుంది. అలా చివికిన బట్టను బాగుచేయడం కుదరదు. కొత్త దుప్పటికి వారం వారం సబ్బు, ఎండ, నీలం సరిపెట్టి, మరక పడ్డప్పుడే బ్లీచ్ తీయండి.

## ప్రమాదాలు

బ్లీచ్, టాయిలెట్ క్లీనర్ కలిపితే రెట్టింపు శుభ్రం అవుతుంది కదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. బజారులో 'యాసిడ్' పేరుతో అమ్మేదీ అదే. బ్లీచ్‌లో అది పడగానే క్లోరిన్ వాయువు లేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు ఇదే. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. కిటికీ లేని చిన్న బాత్రూములో, కింద కూర్చుని రుద్దుతున్న మనిషి ముక్కు ఎత్తులోనే ఉంటుంది. పని మనిషికి రెండు సీసాలూ చేతికిచ్చి వచ్చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి ఆమెకు ఈ సంగతి చెప్పండి. ఒకటి వాడి, బాగా నీళ్లు కొట్టి, రెండోది ఇంకో రోజు వాడమనండి.

అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లతో కలిపితే క్లోరమైన్లు, స్పిరిట్‌తో కలిపితే క్లోరోఫాం లాంటివి పుడతాయి. ఫినాయిల్‌తోనూ కలపొద్దు. బ్లీచ్‌లో కలపాల్సింది నీళ్లొక్కటే.

పొరపాటున కలిపేశాం, దగ్గు వస్తోంది. ఏం చేయాలి?

అన్నీ అక్కడే వదిలి బయటికి రండి. సర్దడానికి, కడగడానికి ఆగొద్దు. ఆరుబయట గాలిలో నిటారుగా కూర్చోండి. కళ్లు మండితే మామూలు నీళ్లతో పావుగంట కడగండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ బిగుసుకున్నా, దగ్గు ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి. కాస్త తగ్గిందని నిద్రపోవద్దు. క్లోరిన్ వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా జరగొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు తగ్గినట్టనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి.

పిల్లవాడు బ్లీచ్ తాగేశాడు. వాంతి చేయించాలా?

చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడు గొంతును రెండోసారి కాలుస్తుంది. నిమ్మరసం, మజ్జిగ లాంటి పులుపు ఇవ్వొద్దు. నోరు నీళ్లతో కడిగి, మెలకువగా ఉండి మింగగలిగితే కొద్దిగా నీళ్లు పట్టి, సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుకు లేబుల్ చూపించడం ముఖ్యం. ఇలాంటివి ఎక్కువగా బ్లీచ్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం వల్లే జరుగుతాయి. విడిగా అమ్మే బ్లీచ్ కొనకండి.

## బట్టలు కాక

వరద నీళ్లు వచ్చి వెళ్లిన ఇంట్లో బ్లీచింగ్ చల్లితే చాలా?

చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చి వెళ్లాక వీధులన్నీ బ్లీచింగ్‌తో తెల్లగా కనిపించాయి. కానీ బురద మీద చల్లిన పౌడర్‌ను ఆ బురదే తినేస్తుంది. ముందు బురద ఎత్తి, సబ్బు నీళ్లతో కడగాలి. తర్వాత 4 శాతం బ్లీచ్ లీటరుకు 25 మి.లీ. చొప్పున కలిపి నేలను తడిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. కిటికీలు తీసి ఉంచండి.

ట్యాంకులో నీళ్లకు ఎంత బ్లీచింగ్ పౌడర్?

నీళ్లు తేటగా ఉంటే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పౌడర్. చిన్న పాత్రలో కలిపి, సున్నం దిగాక పై తేట మాత్రమే ట్యాంకులో పోసి, గంటసేపు ఆగండి. మట్టి నీళ్లయితే ముందు పటికతో తేర్చాలి. సువాసన కలిపిన బట్టల బ్లీచ్ తాగే నీళ్లలో వేయొద్దు.

స్టీలు సింకు, ఇత్తడి దీపపు కుందులు బ్లీచ్‌తో తోమొచ్చా?

ఇత్తడి నల్లబడుతుంది, అల్యూమినియం గిన్నెలు క్షారానికి తినుకుపోతాయి. స్టీలు మీద కాసేపు పడి కడిగేస్తే ఏమీ కాదు, రాత్రంతా వదిలేస్తే క్లోరైడ్ వల్ల సూది మొనంత గుంటలు పడతాయి. కుందులకు చింతపండు ఉండనే ఉంది. అయితే చింతపండు పులుసు కూడా ఆమ్లమే, బ్లీచ్ పోసిన సింకులో కుందులు తోమకండి.